‘మంచుమీద మనసు’ గుట్టు విప్పిందెవరు

“మనుషులు రెండు రకాలు. చూసేవాళ్ళు, కనిపెట్టేవాళ్ళు. మొదటి రకం లోకమంతా నిండిపోయి ఉన్నారు. రెండో రకం ప్రస్తుతం మీ ఎదురుగా కూర్చున్నాడు” అన్నాడు బావగారు, టీ కలుపుకుంటూ.

ఆయన ఎదురుగా ఉన్నది ఇద్దరే, భార్యా మరదలూ. ఆయన టీ కలుపుతున్న చెంచా కోసం ఆ భార్య పొద్దున్నుంచీ వంటిల్లు జల్లెడ పట్టింది. చివరికి అది ఆయన చొక్కా జేబులోంచే బయటికొచ్చింది. ఎలా వెళ్ళిందన్న కేసు మాత్రం ఆయన చేపట్టలేదు.

మరదలికి తప్పు చేశాననిపించింది. అక్క దగ్గర కాసేపు ఏడ్చి గుండె బరువు దించుకుందామని వచ్చిందే గాని, దించిన బరువును ఈయన ఎత్తుకుంటాడని అనుకోలేదు. ఎత్తుకున్నాక ఎవరి కాలిమీద పడేస్తాడో చెప్పలేం.

బావగారిది కళ్ళజోళ్ళ కొట్టు. వ్యాపారం నెమ్మది, బుర్ర వేగం అని తనే చెప్పుకుంటాడు. బోర్డు కింద ‘ఇచ్చట రహస్యములు ఛేదించబడును’ అని రాయించి, తనకు డేగకన్ను అని తనే బిరుదిచ్చుకున్నాడు. వీధివాళ్ళు మాత్రం భూతద్దం అంటారు. భూతద్దం గుణం తెలిసిందే కదా, చీమను ఏనుగంత చేసి చూపిస్తుంది. పక్కనే ఉన్న ఏనుగు మాత్రం అందులో కనబడదు. వెనకటికి పక్కింటివాళ్ళ గొడుగు పోతే ఈయన రంగంలోకి దిగాడు. మూడు కుటుంబాలకు మాటల్లేకుండా పోయాక ఆ గొడుగు ఈయన కొట్లోనే, తలుపు వెనకాల దొరికింది. దొంగ తెలివైనవాడని, సాక్ష్యాన్ని పరిశోధకుడి ఇంట్లోనే దాచాడని ఆయన తేల్చాడు.

మరదలు టీవీ సీరియల్‌కి బట్టలు కుడుతుంది. అక్కడ అందరూ టైలరమ్మ అంటారు. వీధిలో చిరుగులు కుట్టుకునే మనిషి, సూది పట్టిన వేలితోనే ఒక్కో మెట్టూ ఎక్కి, అక్కడే తనకంటూ ఒక కుట్టుగది, ఆ గదికి ఒక తాళంచెవి సంపాదించుకుంది. ఆ తాళంచెవినే నిన్న సీరియల్ మేనేజరు అందరి ముందూ లాగేసుకున్నాడు.

ఆ సీరియల్ పేరు ‘మంచుమీద మనసు’. మూడు ముక్కల్లో అయిపోయే కథను ఆర్నెల్లుగా చెబుతున్నారు. పట్నంలో మంచుమీద స్కేటింగ్ చేసి కప్పులు గెలిచే అమ్మాయి కాలు బెణికి సొంత ఊరికి వస్తుంది. ఆ చిన్న ఊళ్ళో ఒక పాత స్కేటింగ్ మైదానం, దాన్ని కాపాడుకుంటున్న ఒక అబ్బాయి. అతనికి తల్లిలేని కూతురు. మైదానాన్ని కొనేసి పెద్ద భవనం కడతానని తిరిగే డబ్బున్నాయన ఒకడు. ఆయన మెడలో మఫ్లరు చూస్తేనే దుర్మార్గుడని తెలిసిపోతుంది. ఇంతే. ఈ కథ తనకు కలలో వచ్చిందని దర్శకుడు చెబుతాడు. కల ఆయనకొచ్చింది గాని నిద్ర మాత్రం చూసేవాళ్ళకు వస్తోంది.

ఛానెలు వాళ్ళు ముచ్చటపడి, ఫోన్లలో చూసే తమ పేజీలో వీక్షకుల అభిప్రాయాలకు చోటిచ్చారు. హీరోకన్నా హీరో స్వెటరు బాగా నటిస్తోందని ఒకరు రాశారు. ఈ ఊళ్ళో ఎవరికీ పనీపాటా లేదా, ఎప్పుడు చూసినా కాఫీ కప్పులు పట్టుకుని తిరుగుతారేం, పట్టుకున్న తీరు చూస్తే ఆ కప్పుల్లో చుక్క కూడా లేదని తెలుస్తోందని ఇంకొకరు. మా ఆవిడ ఏడుస్తుంటే రుమాలు అందించానే గాని నాకు ఏడుపు రాలేదని మనవి, అని ఒక భర్త రాసుకున్నాడు. దాని కిందే ఆవిడ రాసింది, అబద్ధం, రుమాలు తడిగానే నా చేతికొచ్చింది అని.

వీటికి దర్శకుడు నవ్వేవాడు. ఆయనకు నిద్రపట్టకుండా చేసింది వేరే. ‘ఇట్లు, తీరికవాళ్ళం’ అన్న సంతకంతో ఎవరో ప్రతివారమూ రాబోయే భాగంలో ఏం జరుగుతుందో ముందే రాసేస్తున్నారు. ఒక్కటీ తప్పిపోవడం లేదు. జనం ఆ నాలుగు వాక్యాలూ చదివేసి టీవీ కట్టేస్తున్నారు. తన కథను ఎవరో లోపల్నుంచి మోసేస్తున్నారని దర్శకుడు గగ్గోలుపెట్టాడు.

పోయినవారం తీరికవాళ్ళు ఇలా రాశారు: ‘వచ్చేవారం ఆ పిల్ల మంచుమీద పడుతుంది. గౌను చెయ్యి చిరుగుతుంది. అతను తన కోటు కప్పుతాడు.’

మొన్నటి భాగంలో అచ్చం అలాగే జరిగింది. ఆ చెయ్యి చిరగాలని ముందే తెలిసింది ఇద్దరికే. దర్శకుడికి, లాగగానే తెగేటట్టు నాసిరకం దారంతో దాన్ని కుట్టిన టైలరమ్మకి. ఎక్కడో ఉరుము ఉరిమి ఆమె కుట్టుగది మీద పడింది. చివరి భాగం తీయడం మొదలయ్యేలోగా అసలు దొంగ దొరక్కపోతే ఆమెను పంపేస్తామని, ఆమె సంగతి మిగతా సీరియళ్ళవాళ్ళకూ చెబుతామని మేనేజరు అన్నాడు. అంటే ఇక ఏ గుమ్మంలోనూ ఆమెకు సూది దొరకదు.

“భయపడకు మరదలా, కేసు నా చేతిలో పడింది” అన్నాడు బావగారు.

“ఆ మాటకే భయపడుతోందండీ అది” అంది అక్క.

ఆయన వినిపించుకోలేదు. కళ్ళు మూసుకుని, వేళ్ళకొసలు కలిపి, తర్కం మొదలుపెట్టాడు. సంతకంలో తీరికవాళ్ళం అని ఉంది. వాళ్ళం అంటే చాలామంది. చాలామంది అని చెబుతున్నాడంటే మనల్ని తప్పుదారి పట్టిస్తున్నాడు. కాబట్టి నేరస్తుడు ఒక్కడే. తీరిక అన్నాడు కాబట్టి వాడికి క్షణం తీరిక ఉండదు. అక్క లేచి గిన్నెలు కడుక్కోవడానికి వెళ్ళిపోయింది. టైలరమ్మ మాత్రం కూర్చునే ఉంది. మునిగిపోయేవాడికి గడ్డిపరకైనా ఆధారమంటారు, ఆ గడ్డిపరకకు తర్కం కూడా ఉంటే ఇక చేసేదేముంది.

మర్నాడు బావగారు షూటింగ్ జరిగే చోటికి పెట్టె పట్టుకుని వచ్చేశాడు. యూనిట్ అందరికీ ఉచితంగా కళ్ళు పరీక్షిస్తానని మేనేజరును ఒప్పించాడు. ఆ ఎత్తుకు టైలరమ్మ కూడా లోపల మెచ్చుకుంది. ఒక్కొక్కరే వచ్చి స్టూలు మీద కూర్చుంటారు, ఒక కన్ను మూసుకుంటారు, గోడమీది అట్టలో అక్షరాలు చదువుతారు, మధ్యలో ఈయన చల్లగా ప్రశ్నలేస్తాడు. ఎత్తు బాగుంది. వేసినవాడు బావగారు కావడం వల్లే చెడింది.

మంచుమైదానాన్ని చదునుచేసే పెద్ద బండి ఒకటుంది. దాని డ్రైవరు వచ్చి స్టూలు మీద కూర్చుని, అట్టమీద లేని అక్షరాలన్నీ చదివాడు. పాపం అతనికి చూపు మందగించింది, అంతే. కళ్ళజోళ్ళు అమ్మేవాడు ఎవడైనా వెంటనే జోడు అంటగట్టేవాడు. బావగారు మాత్రం తలుపు వేసి మరదల్ని పిలిచి, వాడు సంకేత భాషలో మాట్లాడాడని గుసగుసలాడాడు. ఆ అక్షరాలను అటూ ఇటూ తిప్పి రోజంతా అర్థం వెతికాడు. ఆ డ్రైవరు కళ్ళు చికిలించుకుంటూ మళ్ళీ బండెక్కి వెళ్ళిపోయాడు.

రెండో అనుమానం డూపు మీద పడింది. కెమెరా దగ్గరికొస్తే మంచుమీద నిలబడేది హీరోయిన్, దూరం పోతే తిరిగేది ఈ అమ్మాయి. మొహం కనబడని మనిషి కన్నా అనుమానించదగ్గవాళ్ళు ఎవరుంటారన్నాడు బావగారు. నా మొహం కనబడనివ్వంది దర్శకుడుగారే కదా అని ఆ పిల్ల తిరిగి అడిగింది. దాన్ని ఆయన నేరాంగీకారంగా తీసుకున్నాడు.

తర్వాత వల వేశాడు. హీరోయిన్ ఓడిపోయి ఊరొదిలి పోతుందని డ్రైవరుకు, హీరో డబ్బున్నాయన కూతుర్ని చేసుకుంటాడని డూపుకు చెవిలో ఊదాలి. తీరికవాళ్ళ రాతలో ఏది కనబడితే వాళ్ళే దొంగలు. ఇది కూడా మంచి ఎత్తే. కాకపోతే ఊదే ఉత్సాహంలో ఎవరికేది చెప్పాడో మరిచిపోయి, మరిచిపోయానన్న అనుమానంతో రెండూ ఇద్దరికీ చెప్పి, దారిలో కనబడిన మేకప్ మనిషికి కూడా చెప్పాడు. సాయంత్రానికి యూనిట్ అంతా పాకి, రాత్రికి ఛానెలు పేజీలోకి కూడా ఎక్కింది. తెల్లారేసరికి తీరికవాళ్ళు రాశారు: ‘ఏవేవో పుకార్లు పుడుతున్నాయి. నమ్మకండి. ఆ పిల్ల గెలుస్తుంది, మైదానం నిలుస్తుంది, చివర్లో మంచు కురుస్తుంది.’

మంచు కురిపించే యంత్రాన్ని దర్శకుడు ఎవరికీ తెలియకుండా దుప్పటి కప్పి దాచి ఉంచాడు.

మేనేజరు టైలరమ్మను పిలిపించి, ఈ పుకార్లు పుట్టించింది మీ చుట్టమేనట కదా అన్నాడు. ఆమె అబద్ధమాడలేకపోయింది. అయితే ఇందులో కుటుంబం కుటుంబమే ఉందన్నమాట, ఈ మధ్యాహ్నం చివరి భాగం మొదలుపెడుతున్నాం, ఈలోగా నీ కత్తెర, నీ టేపూ సర్దుకో అన్నాడు. గోరుచుట్టు మీద రోకటిపోటు అంటే ఏమిటో ఆమెకు అప్పుడు తెలిసొచ్చింది. రోకలి పుట్టింటి తరఫుదైతే నొప్పి ఇంకాస్త ఎక్కువ.

మేనేజరు తెరిపించిన కుట్టుగదిలో ఆమె సర్దుకుంటూనే ఉంది. బయట గోల వినబడింది.

బావగారు పోటీ చూసేవాళ్ళుగా నటించే గుంపులో వేషం వేసుకుని దూరి ఉన్నాడు. టోపీ, మఫ్లరు. తన కళ్ళజోడు తీసి జేబులో పెట్టుకున్నాడు, ఎందుకంటే మారువేషం. మైదానం మధ్యలో డూపు అమ్మాయి తిరగాల్సిన చుట్లు మరిచిపోకుండా వేళ్ళు ముడుస్తూ సాధన చేసుకుంటోంది. ఆ వేళ్ళు మసకమసకగా ఈయనకు కనబడ్డాయి. ఎవరికో సైగ చేస్తోందనుకుని, కదలొద్దు, నీ ఆట కట్టు అంటూ మామూలు చెప్పులతో మంచుమీదికి దూకాడు. కదలకుండా ఉన్నది ఆ పిల్ల ఒక్కతే. తక్కినదంతా కదిలింది. ఎదురుగా మంచు చదును చేసే బండి వస్తోంది. డ్రైవరుకు ఈయన కనబడలేదు, ఈయనకు బండి కనబడలేదు. ఇద్దరికీ కళ్ళజోళ్ళు కావాలి, అవి అమ్మే కొట్టు ఇద్దరిలో ఒకాయనది. చివరి క్షణంలో బండి మోత విని బావగారు పక్కకి గెంతాడు, వెల్లకిలా పడ్డాడు, మైదానం ఈ చివర్నుంచి ఆ చివరికి నున్నగా జారుకుంటూ పోయి దర్శకుడి కుర్చీని తన్నాడు. ఆర్నెల్ల సీరియల్లో అంత సాఫీగా సాగిన దృశ్యం అదొక్కటేనని లైట్లవాళ్ళు తర్వాత చెప్పుకున్నారు.

చీలమండ వాచింది. తమ ఆవరణలో దెబ్బ తగిలింది కాబట్టి మేనేజరే ఆయన్ని కారెక్కించాడు. సొంతమనిషి ఒకరు ఉండాలి కాబట్టి, కత్తెర, టేపు ఉన్న సంచీతో టైలరమ్మ కూడా ఎక్కింది. దారిపొడుగునా బావగారు మూలుగుతూనే, ఇది ప్రమాదం కాదు, హత్యాప్రయత్నం అన్నాడు.

ఎముకల డాక్టరు గది బయట హాలు నిండా జనం. ఎవర్ని చూసినా కట్టు, పట్టీ, చంకకర్ర. గోడమీద టీవీ. బావగారు లోపలికి వెళ్ళేలోపే, నేనొక అపరాధ పరిశోధకుణ్ణి, నన్ను చంపబోయారు అని హాలంతటికీ ప్రకటించాడు. వరసలో మొదటి కుర్చీలో కూర్చున్న ముసలమ్మ, ఆమె చెయ్యి మెడలో వేలాడే పట్టీలో ఉంది, ఆయన్ని పైనుంచి కిందదాకా ఓసారి చూసి, సర్లే నాయనా, ముందు కట్టు కట్టించుకో అంది.

టీవీలో మధ్యాహ్నం ‘మంచుమీద మనసు’ కొత్త భాగం నడుస్తోంది. హీరోయిన్ చేతిలో బహుమతి పెట్టెతో హీరో ఇంటివైపు వస్తోంది. తలుపు ఓరగా తెరిచి ఉంది.

“ఆగుతుంది” అంది ముసలమ్మ.

హీరోయిన్ ఆగింది.

“సగం మాటే వింటుంది” అన్నాడు పక్కనున్న మేస్త్రీ. అతనికి పాదంనుంచి మోకాలిదాకా కట్టు.

లోపల హీరో, ఆమె ఈ ఇంట్లో ఉండటం నాకిష్టం లేదు అన్నాడు. హీరోయిన్ చేతిలోంచి పెట్టె జారిపోయింది.

“వంటమనిషి గురించి అంటున్నాడు. వచ్చేవారం తెలుస్తుంది ఈ పిల్లకి” అన్నాడు మేస్త్రీ, కట్టులోకి పుల్ల దూర్చి గోక్కుంటూ.

మేనేజరు కుర్చీలోంచి లేచాడు. వచ్చేవారం భాగాన్ని ఛానెలువాళ్ళే ఇంకా చూడలేదు. ఆ వంటమనిషి సంగతి మీకెవరు చెప్పారని అడిగాడు.

“చెప్పేదేముంది నాయనా” అంది ముసలమ్మ. “పొయ్యిమీద పాలు పెట్టి పక్కకెళితే ఏమవుతుందో ఎవరైనా చెప్పాలా?”

టోకెన్లు ఇచ్చే కిటికీలోంచి ఒకావిడ తల బయటికి పెట్టి, అన్నీ వీళ్ళే చెబుతారండీ, నేను ఫోన్‌లో ఎక్కిస్తానంతే అంది. విరిగిన ఎముక అతకాలంటే ఎవరైనా ఆగాల్సిందే, ఇక్కడివాళ్ళకు తీరిక తప్ప ఇంకేముంటుంది, అందుకే ఆ సంతకం పెట్టాం అని కూడా చెప్పింది.

టైలరమ్మ లేచి నిలబడింది. ఆమె అడగాల్సింది ఒక్కటే ఉంది.

“మరి గౌను చెయ్యి చిరుగుతుందని ఎలా తెలిసిందమ్మా?”

“అంత చలిలో ఆ పిల్లకి ఉల్లిపొరలాంటి గౌను తొడిగారు. అతనికేమో కోటుమీద కోటు తొడిగారు. ఒకటి ఆ పిల్లకి ఇవ్వడానికి కాకపోతే రెండెందుకు?” అంది ముసలమ్మ. “కుట్టిందెవరో గాని పనిమంతురాలే. ఎక్కడ చిరగాలో సరిగ్గా అక్కడే చిరిగింది.”

కేసు తేలిపోయింది. తేల్చాల్సినాయన లోపల డాక్టరు ముట్టుకోకముందే కేకలు పెడుతున్నాడు.

మేనేజరు టైలరమ్మను పక్కకి తీసుకెళ్ళాడు. ఆమె తప్పేమీ లేదని తనకర్థమైందన్నాడు. కానీ ఈ మాట డైరెక్టరుగారికి చెప్పలేనన్నాడు. దొంగ ఉన్నాడంటే అది దొంగిలించదగ్గ కథ అవుతుంది. దొంగే లేడు, రోడ్డుమీద పోయే ఎవరికైనా తెలుస్తుందంటే ఆ మనిషి తట్టుకోలేడు. కాబట్టి నువ్వే చేశానని ఒప్పేసుకో, గొడవ సద్దుమణిగాక ఎక్కడో ఒకచోట నేనే చూసిపెడతాను అన్నాడు.

ఆమె సంచీ భుజానికి తగిలించుకుంది.

“అలాగే సార్. నేనే చేశానని చెప్పండి. కథ చెప్పడానికి ఇంతమందికి కాళ్ళూ చేతులూ నేనే విరగ్గొట్టానని కూడా చెప్పండి.”

అతని చేతిలోని ఫోన్‌ను ఆమే లాక్కుని, దర్శకుడి నంబరు నొక్కి, హాలంతటికీ వినబడేలా పెట్టింది. అవతల ఆయన హలో అన్నాక, ఆమె జనంవైపు తిరిగి, చివరి భాగంలో ఏం జరుగుతుందో చెప్పండి అంది.

హాలు హాలంతా గొంతు విప్పింది. పోటీకి ముందు ఆ పిల్ల బస్సెక్కబోతుందన్నారు. అతని కూతురు గీసిన బొమ్మ చూసి దిగిపోతుందన్నారు. గెలుస్తుందన్నారు. మఫ్లరాయన మనసు మారి చప్పట్లు కొడతాడని మేస్త్రీ, మారకపోయినా కొడతాడని ఇంకొకాయన వాదించుకున్నారు. తెల్లగౌను వేస్తారని ముసలమ్మ అంటే, తెలుపే, అంచు మాత్రం వెండిదారం అంది టోకెన్లావిడ. ఆ గౌను ఎవరి కంటా పడకుండా తాళం వేసిన కుట్టుగదిలో ఉంది. మంచు కురుస్తుందా అని ఎవరో అడిగితే, కురవకేం, సరిగ్గా వాళ్ళిద్దరి నెత్తిమీదే అన్నారు.



“మరి ఇంతా తెలిసి ఎందుకు చూస్తున్నారు?” అన్నాడు దర్శకుడు. అంత చిన్న గొంతు ఆయనకుందని టైలరమ్మకు అప్పటిదాకా తెలియదు.

“తెలుసు కాబట్టే” అంది ముసలమ్మ. “లోపలికి పిలిచాక ఆ డాక్టరు ఏం చెబుతాడో తెలీక చస్తున్నాం ఇక్కడ. తెలిసింది ఆ ఒక్కటైనా ఉండనీ నాయనా. మార్చకు.”

మేనేజరు గోళ్ళు కొరుక్కుంటున్నాడు. అవతల్నుంచి, టైలరమ్మకి తాళంచెవి ఇచ్చెయ్యి అని వినబడింది.

“ఇక్కడ ఇస్తే చాలదండీ” అంది ఆమె ఫోన్‌లోకి. “తీసుకున్నప్పుడు యూనిట్ అంతా చూసింది. ఇచ్చేటప్పుడూ చూడాలి.”

రేపు పొద్దున్న అందరి ముందూ తనే ఇస్తానన్నాడు దర్శకుడు. ఆపైన, వెండిదారమని ఎలా చెప్పారో కనుక్కో అని పెట్టేశాడు. ఆమె అప్పుడు కూర్చుంది. కళ్ళు తుడుచుకోవడానికి సంచీలో వెతికితే టేపు చేతికొచ్చింది, దాంతోనే తుడుచుకుంది.

అప్పుడే లోపలి తలుపు తెరుచుకుంది. చక్రాల కుర్చీలో, చాపిన కాలికి తెల్లటి కట్టుతో, గడ్డం పైకెత్తుకుని బావగారు బయటికొచ్చాడు. హాల్లో అందరి మొహాల్లో నవ్వు, మరదలి చెంపల మీద తడి, మేనేజరు కిందికి దించుకున్న తల, అన్నీ కలయజూశాడు. ఏదో తేలిపోయిందని మాత్రం ఆయనకు అర్థమైంది.

ముసలమ్మ మేస్త్రీవైపు వంగింది.

“చూస్తూ ఉండు, మొదట్నుంచీ నాకు తెలుసు అంటాడు.”

“అప్పుడే అనడు” అన్నాడు మేస్త్రీ. “ముందు గొంతు సవరించుకుంటాడు.”

బావగారు గొంతు సవరించుకున్నాడు.